కొంప మునిగింది, చూడండి

తమ్ముడు పోయిన నెలన్నరకు ఆమె మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. జ్వరమని పడుకున్నవాడు వారం తిరక్కుండానే పోయాడు. అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే కంపెనీ. మందులు నిల్వ ఉంచే చల్లటి గదులను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారు. గదిలో వేడి పెరిగినా, తలుపు తెరిచి ఉండిపోయినా, కరెంటు పోయినా అది తెర మీద ఒక వాక్యం చూపించి, దాన్నే లాగ్ అనే చిట్టాలో రాసిపెడుతుంది. ఆ వాక్యాలన్నీ తమ్ముడు రాసినవే. వాడు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. "ఇంట్లో చాలదన్నట్టు ఇక్కడ కూడా ఈవిడే నాకు" అని వాడు అందరినీ నవ్వించేవాడు.

ఆ రోజు ఒకరు టీ తెచ్చి పెట్టారు. ఇంకొకరు ఆమె కుర్చీ మీది దుమ్ము తుడిచారు. ఆమె ఎప్పుడు ఏడుస్తుందోనని అందరూ కాచుకుని ఉన్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏడుపు రాలేదు. ఆసుపత్రిలోనూ రాలేదు. పంటి డాక్టరు మత్తు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది. టీ వేడిగా ఉందని తాగాక తెలిసింది.

మేనేజరు పిలిచాడు. ఒక్క ముక్క చెప్పడానికి పది మాటలు నములుతాడని వెనకాల అందరూ ఆయనను నసగారు అంటారు.

"కూర్చోమ్మా. మందుల గోడౌను వాళ్ళ సంగతి... అంటే, నువ్వు సెలవులో ఉన్నప్పుడు జరిగిందిలే. ఒక గదిలో కరెంటు పోయింది. తెర మీద మన వాక్యం వచ్చింది. వాళ్ళు పట్టించుకోలేదు. గదిలో మందులన్నీ పారబోశారు."

"ఏ వాక్యం వచ్చింది?"

నసగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "'కొంప మునిగింది, చూడండి' అని."

"మరి చూడలేదేం?"

"తలుపు సరిగ్గా పడకపోయినా అదే వస్తుందట. ప్రింటర్‌లో కాగితం అయిపోయినా అదే వస్తుందట."

అది రాసిందెవరో ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు వాళ్ళు ప్రతి సంఘటనకూ విడిగా ఒక కోడ్ కావాలంటున్నారు. పాత వాక్యాలన్నీ ఏరి, పద్ధతి ప్రకారం మళ్ళీ రాయాలి. గొడ్డు చాకిరీ. నువ్వు వద్దంటే గడ్డానికి ఇస్తాను. ఏమీ అనుకోను."

"ఇవ్వండి. చేస్తాను" అంది ఆమె.

గడ్డం అనేది తమ్ముడి పక్క సీటు కుర్రాడి పేరు కాదు, గుర్తు. ఆమెకు సాయంగా అతన్నే ఇచ్చారు. ఇద్దరూ కూర్చుని కోడ్ ఎలా ఉండాలో మొదట తేల్చుకున్నారు. ముందు, సంఘటన జరిగిన భాగానికి రెండక్షరాలు: తలుపుకు తలు, కరెంటుకు కరె. తర్వాత నాలుగు అంకెలు. చివర తీవ్రతకు ఒక అక్షరం: సమాచారమైతే స, హెచ్చరికైతే హ, లోపమైతే ల, ప్రమాదమైతే ప. కోడ్ కింద మూడే సంగతులు ఉండాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగి ఉంటుంది, చూసినవాళ్ళు ఏం చేయాలి. ఒకసారి ఇచ్చిన నంబరును మరో సంఘటనకు ఇవ్వకూడదు. ఆ సందేశం తీసేసినా సరే, ఆ నంబరు ఖాళీగానే ఉండిపోవాలి.

పని ఆమెకు సుఖంగానే ఉంది. దానికి ఆమె మొహంతో పని లేదు. పాత వాక్యం చదవడం, అది ఎప్పుడు వస్తుందో కనుక్కోవడం, కొత్తది రాయడం. 'తలుపు వేసే పుణ్యాత్ముడే లేడా' అన్నది 'తలు-2104-హ: గది తలుపు తెరిచి ఉంది' అయింది. 'మళ్ళీ మొదటికొచ్చింది' అన్నది 'సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఆగి తిరిగి మొదలైంది' అయింది. 'కొంప మునిగింది' ఒక్కటే పద్దెనిమిది చోట్ల ఉంది. దాన్ని పద్దెనిమిది కోడ్‌లుగా విడగొట్టింది. ఒక్కోటి చదువుతూ గడ్డం మొదట్లో ఫక్కున నవ్వేవాడు. నవ్వి, ఆమె వంక చూసి, నాలిక కరుచుకునేవాడు.

"నవ్వండి, ఫర్వాలేదు" అనేది ఆమె. తెర మీద నుంచి కళ్ళు తిప్పేది కాదు.

ఇంట్లో మరదలు. తమ్ముడు ఉండగా ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఇప్పుడు ఇద్దరు మిగిలారు. మరదలు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. పోయిన మనిషి గురించి దుకాణంలో, బస్సులో, కూరగాయల బండి దగ్గర ఎవరడిగినా చెప్పి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని పనిలో పడేది. ఇంటికొస్తే ఏడవడానికి తోడు దొరికేది కాదు.

"ఇవాళ ఏం చేశావు వదినా?" అని అడిగింది ఒక సాయంత్రం, బీరకాయ చెక్కు తీస్తూ.

ఆమె చెప్పింది. గోడౌను సంగతి, పారబోసిన మందులు, పద్దెనిమిది చోట్ల వాక్యం, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మరదలు చేతిలో చాకు ఆగింది. "ఆయన మీదకి తోసేస్తున్నారన్నమాట. పోయినవాడు నోరు తెరిచి అడగడని ధైర్యం."

"ఎవరూ తోయలేదు. వాడే రాశాడు."

"రాస్తే? నువ్వే కదా తప్పులు పట్టేదానివి. అప్పుడేం చేశావు?"

"చెప్పాను. మారుస్తాలే అన్నాడు. మార్చలేదు."

"ఎంత చల్లగా చెప్తున్నావు వదినా! పక్కింటివాళ్ళ కుర్రాడి గురించి చెప్పినట్టు. అసలు నీకు గుండె ఉందా?"

"ఏమో" అంది ఆమె. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే ఒకసారి చూసుకుని చెప్పినట్టు చెప్పింది.

మరదలు బీరకాయ అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆమె మిగతా చెక్కు తీసి, కూర వండి, మూత పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరి మధ్యా "గ్యాస్ అయిపోయింది", "తాళం పూలకుండీ కింద పెట్టాను" లాంటి మాటలే నడిచాయి.

కొత్త కోడ్‌లు సిద్ధమయ్యాక పరీక్ష చేయడానికి ఆమె, గడ్డం గోడౌనుకు వెళ్ళారు. అక్కడి స్టోరు పర్యవేక్షకురాలు బొద్దుగా, చలాకీగా ఉండే మనిషి. ఉన్ని కోటు మీద బ్యాడ్జి పెట్టుకుని ఎదురొచ్చింది.

"ఆ పాతవి పూర్తిగా తీసేశారా? అయ్యో, భలే ఉండేవి. పొద్దున్నే వచ్చి ఇవాళ ఏం మునిగిందా అని చూసుకుని నవ్వుకునేవాళ్ళం."

"ఆ రోజు?" అంది ఆమె.

పర్యవేక్షకురాలి మొహంలో నవ్వు కాస్త తగ్గింది. "ఆ రోజు కూడా నవ్వాం. ఏం చేస్తామమ్మా, రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు?"

గడ్డం గబుక్కున గోడ వైపు తిరిగి, లేని వైరు ఏదో సర్దసాగాడు. ఆమె తల ఊపింది. మాట సరిగ్గానే ఉంది. ఎవరికైనా ఆరోగ్యం పాడైందా అని అడిగింది. లేదని, ఒక్క సీసా కూడా బయటికి పోనివ్వలేదని, కాకపోతే ఆ వారం మందుల కోసం వచ్చినవాళ్ళను వెనక్కి పంపలేక తలప్రాణం తోకకొచ్చిందని పర్యవేక్షకురాలు చెప్పింది.

కావాలనే ఒక గది కరెంటు తీసేశారు. తెర మీద ఎర్రగా వచ్చింది: 'కరె-3001-ప: మూడో గదికి కరెంటు లేదు. మెయిన్ స్విచ్ పడిపోయి ఉండవచ్చు. జనరేటరు వేయండి, మందులు రెండో గదికి మార్చండి.' పర్యవేక్షకురాలు పైకి చదివింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. కేక వేసి మనుషుల్ని పిలిచింది, జనరేటరు వేయించింది, అట్టపెట్టెలు బండి మీద కదిలాయి. చూస్తుండగానే అయిపోయింది.

"బాగుంది" అంది పర్యవేక్షకురాలు. "నవ్వొచ్చేట్టు లేదు, అంతే."

తిరిగొచ్చాక ఇంకా ఒక్క సందేశం మిగిలింది. తమ్ముడి ప్రోగ్రాములో బాగా అడుగున, ఏ దారీ సరిపోకపోతే చిట్టచివరికి చేరే చోట, ఎన్నడూ తెర మీదికి రాని వాక్యం అది. గడ్డమే దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని, చూపించాలా వద్దా అని కాసేపు అక్కడే నిలబడ్డాడు.

'అక్కా, ఇది నీకు కనపడిందంటే తప్పు నాదే. ఇంట్లో చెప్పకు.'

ఆమె రెండుసార్లు చదివింది. "ఇది ఎప్పుడు వస్తుంది?" అని అడిగింది.

"రాదండి. రాకూడని చోటు అది."

"రాకూడనిదైనా కోడ్ ఉండాలిగా" అంది. అంతర్గత లోపాలకని కొత్త వరుస తెరిచింది. 'అంత-9001-ల: అనుకోని పరిస్థితి. కారణం తెలియదు.' తర్వాత, చూసినవాళ్ళు ఏం చేయాలి అన్నచోట ఆమె చేతులు ఆగిపోయాయి. ఆలోచిస్తున్నట్టు లేదు, ఊరికే ఆగాయి. గడ్డం నీళ్ళ సీసా పక్కన పెట్టి తన సీటుకు వెళ్ళిపోయాడు. చాలాసేపటికి ఆమె 'ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని రాసి, ఆఫీసు నంబరు ఇచ్చింది. పాత వాక్యం చెరిపింది. దాన్ని ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

కోడ్‌లు వాడకంలోకి వెళ్ళాయి. నసగారు అందరి ముందూ మెచ్చుకోబోయి, మాట నమిలి, చివరికి "మంచి పని జరిగింది" అని సరిపెట్టాడు.

ఆ వారంలోనే, అన్నం తింటూ మరదలు తనంతట తానే మాట కలిపింది. "మా దుకాణం వాళ్ళు వంతెన అవతల కొత్తది తెరిచారు. నన్ను అక్కడికి వెళ్ళమంటున్నారు. అమ్మేమో అన్నీ మానేసి వచ్చెయ్యమంటోంది. అమ్మ దగ్గరికి వెళ్ళను. వంతెన అవతలే ఇల్లు చూసుకుంటా. ఆదివారం నాతో వస్తావా?"

"వస్తాను."

ఆ ఇల్లు రెండో అంతస్తులో ఉంది. గోడలకు కొత్తగా సున్నం వేశారు. రెండు గదులు, మధ్యలో ఇరుకు వంటగది. ఇంటావిడ తాళం చేతికిచ్చి కిందికి వెళ్ళిపోయింది. మరదలు కిటికీలు తెరిచి చూసింది, అల్మారాలో తల పెట్టి వాసన చూసింది. ఆమె వంటగదిలో కుళాయి తిప్పింది.

"ఎలా ఉంది?"

"నీళ్ళు బాగా వస్తున్నాయి."

"ఇల్లెలా ఉందంటే నీళ్ళ గురించి చెప్తావేం?" మరదలు గుమ్మానికి ఆనుకుంది. "నా ఒక్కదానికి రెండు గదులెందుకు? నువ్వు కూడా వస్తేనే తీసుకుంటా."

"నాకు ఆఫీసు దూరమవుతుంది."

"అవుతుంది. నేనేం కాదన్నానా?"

కుళాయి ఇంకా పారుతోంది. ఆమె దాని కింద చెయ్యి పెట్టి ఉంచింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మణికట్టు దాకా తడిశాక కట్టేసి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది.

"ఆ రోజు నిన్ను గుండె లేదన్నాను" అంది మరదలు, కిటికీ వైపు చూస్తూ.

"అన్నావు."

"ఏమీ అనవా?"

"ఏమనను? ఉండే ఉంటుందిలే. దానికీ టైము పడుతుంది."

మరదలు ముక్కు ఎగబీల్చింది. కింద నుంచి ఇంటావిడ, ఏమన్నారమ్మా, అని కేకేసింది.

"ఎప్పుడు చేరతామని చెప్పమంటావు?" అంది మరదలు.

"ఒకటో తారీకు అను" అంది ఆమె, రెండో గది తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూడటానికి వెళ్తూ.