పెన్షన్ ఆగదట

ఆగండాగండి, చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. కాశిబుగ్గలో జుబేదా అని ఒకావిడ ఉంది. సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు, ఉండేది ఒక్క గదిలో. వీధిలో అందరూ సిస్టరమ్మా అంటారు. మస్కట్‌లో ఉన్న చెల్లెలు నాజియా నాలుగేళ్ళుగా ఒకటే పోరు, వచ్చెయ్ ఆపా, నా దగ్గరుండు అని. ఆపా అంటే అక్క లెండి. జుబేదా దగ్గర ఒకటే జవాబు: "దేశం దాటితే పెన్షన్ ఆపేస్తరే."

ఎవరో ఎప్పుడో అన్న మాట అది. నిజమో కాదో ఆమె ఎన్నడూ అడగలేదు, అడగాలనీ అనుకోలేదు. ఆ మాట ఉన్నంతకాలం పోవాలా వద్దా అని తేల్చుకునే పనే లేదు కదా! కానీ మొన్న నాజియా పట్టుబట్టింది. "వీసా గూడ వచ్చేసింది. నువ్వు ట్రెజరీకి పోయి కనుక్కో. నిజంగ ఆపుతరంటే ఇగ జన్మల అడగ."

పొద్దున్నే జుబేదా బయల్దేరింది. గుమ్మం దగ్గర పక్కింటి మొగిలమ్మ కనిపిస్తే, "మస్కట్ రమ్మంటాంది మా చెల్లె" అంది. అని, కాస్త ఆగింది. ఎందుకు పోతవ్, ఉండరాదూ అంటుందేమోనని.

"ఇంకేంది సిస్టరమ్మా, రాణి లెక్క ఉండు పో!" అంది మొగిలమ్మ. "ఓనర్‌కు జర నా పేరు చెప్పిపో. నీ రూమ్ మా కోడలోళ్ళకు మంచిగుంటది."

జుబేదా నవ్వింది. ఏం చేస్తుంది మరి? ఇన్నేళ్ళూ ఈ మొగిలమ్మకే బీపీ చూసింది.

ట్రెజరీ ఆఫీసులో భానుచందర్ అనే కుర్ర క్లర్కు కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి మరీ విన్నాడు. ఆమే ముందు అనేసింది, "ఆగిపోతది కద బిడ్డా?"

"ఎందుకాగుతదమ్మా? మీరు కష్టపడి చేసిన నౌకరీ పెన్షన్ అది, యాడ ఉన్నా మీదే! బ్యాంకుల చెప్పి ఖాతా ఎన్నారై కింద మార్పించుకోండ్రి. ఏడాదికోసారి బతికున్నట్టు సర్టిఫికెట్ ఇయ్యాలె, అది ఆడ మన ఎంబసీల సంతకం పెట్టించి పంపినా నడుస్తది. ఫికరే లేదు. ఇగ మీరు ఈడికి రానే అక్కర్లే!"

ఎంత సంతోషంగా చెప్పాడో!

"మంచిగ చూసినవా బిడ్డా? ఏదన్న రూల్ ఉంటదేమో?"

"ఏం లేదమ్మా, హాయిగ పోండ్రి" అంటూ అతను ఆమె తర్వాత వరసలో ఉన్న పెద్దాయన వైపు తిరిగాడు.

జుబేదా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఫోన్ మోగింది.

"ఆపా, కనుక్కున్నవా?" నాజియా గొంతు. వెనక టీవీ చప్పుడు తప్ప ఇంకో మనిషి అలికిడి లేదు. "ఆపుతరంటే ఆపుతరని చెప్పు, నాకేం కాదు. ఆయన డ్యూటీకి పోతే రాత్రిదాక ఈ ఫ్లాట్‌ల నేనొక్కదాన్నే, అలవాటైంది. నీ కోసం మంచమైతే కొన్న. అంతే."

జుబేదా నోరు తెరిచింది. ఇక్కడ ఉండమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ సిస్టరమ్మా అనే పిలుపైతే ఉంది, అక్కడ అదీ ఉండదు. నాలుక మీద పాత మాటే తిరుగుతోంది, దేశం దాటితే ఆపేస్తరే అని. ఒక్కసారి అంటే చాలు, నాజియా ఇక జన్మలో అడగదు.

"ఆపా? ఉన్నవా?"

మీరైతే ఏమని చెప్తారు?