మూడో ఫిల్టరుకు దొంగస్నానం

ఫిల్టర్ల సూపర్‌వైజరును ఆ నీళ్ల ప్లాంటులో అందరూ వాల్వు మామయ్య అనేవారు. అక్కడే ఇంజనీరుగా ఉన్న కోడలికి మాత్రం ఆయన నిజంగానే మామయ్య.

ఇసుక ఫిల్టర్లను ఆయన మురికి పట్టినా పట్టకపోయినా రోజూ కడిగించేవాడు. కడిగిన నీళ్లన్నీ కాలవపాలు. కోడలు కంప్యూటర్లో ఒక మోడల్ తయారుచేసింది. వచ్చే నీటి మురికినీ, ఇసుక ఆపిన మురికినీ లెక్కగట్టి, ఎప్పుడు కడగాలో అది చెబుతుంది. ఆ పద్ధతి వస్తే మిగిలిన నీళ్లు గుట్ట మీది వీధులకు ఎక్కుతాయి. అక్కడ కుళాయి రోజు విడిచి రోజే. కానీ పెద్ద ఇంజనీరు చూసి ఒప్పుకోవాలి. తేడా వస్తే మళ్లీ ఆ ఊసెత్తనివ్వడు.

"నీ కంప్యూటర్‌కి ఇసుక వాసన తెలుసా అమ్మా?" అని మామయ్య ఇంట్లో ఏడిపించేవాడు. లోపల మాత్రం కోడలు నెగ్గాలని ఒకటే ఆరాటం. అందుకే పెద్ద ఇంజనీరు మోడల్ చూడ్డానికి వచ్చే రోజు ఉదయం, చుట్టాలొస్తుంటే ఇల్లు కడిగినట్టు, ఆయనకు చూపించబోయే మూడో ఫిల్టరును గుట్టుచప్పుడు కాకుండా కడిగేశాడు. కడిగిన కాసేపు నీరు మసగ్గా వస్తుందని ఆయనకు తెలుసు. పెద్ద ఇంజనీరు ఏనాడూ వేళకు రాడనీ తెలుసు.

ఆ రోజే వేళకు వచ్చాడు.

గ్లాసు వెలుతురుకు పట్టి, "ఇదేనా మీ మోడల్ చెప్పిన తేటనీరు?" అన్నాడు. తెర మీద మోడల్ గీత ఒకచోట, నీటి మసకను కొలిచే మీటరు గీత ఇంకొకచోట. మామయ్య పైకప్పు పరిశీలించసాగాడు.

కోడలు తెరను చూసింది. మామయ్య తడిసిన ప్యాంటు అంచులు చూసింది. 'ఇప్పుడే కడిగారు' అని మోడల్‌కు టైపు చేసింది. మోడల్ గీత చటుక్కున ఎగిరి మీటరు గీత మీద వాలింది.

"సార్, దీన్ని ఇప్పుడే ఎవరో కడిగారు. పావుగంటలో తేరుకుంటుంది."

"ఎవరు కడిగింది?"

మామయ్య ఒకడుగు ముందుకేశాడు. నోరు మెదపకపోతే కోడలి కష్టం బూడిదపాలు.

"నేనే సార్!" రొమ్ము విరుచుకున్నాడు. "ఇది పసిగడుతుందో లేదో అని చిన్న పరీక్ష పెట్టాను."

కోడలు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

మసకనీటిని బయటికి వదిలి వేచి చూశారు. పావుగంటకు గ్లాసు తేటపడింది. "సరే, మోడల్ చెప్పినప్పుడే కడగండి," అని పెద్ద ఇంజనీరు వెళ్లిపోయాడు.

కోడలు చెయ్యి చాచింది. "మామయ్యా, వాష్ వాల్వు తాళంచెవి."

జేబులోంచి తీసి ఇస్తూ ఆయన గొంతు తగ్గించాడు. "మీ అత్తయ్యకి చెప్పకేం."

"ఛ, నేనెందుకు చెబుతాను? ఆవిడ అడిగేదాకా నోరు విప్పను."

మామయ్య ప్యాంటు అంచులు పిండుకోవడం మొదలుపెట్టాడు.