ఆమె కంటి ఎత్తు

ఎదురింటావిడ చెప్పిందట — రోడ్ల ఇంజనీరు పొద్దున్నే పెళ్లాన్ని కార్లో కూర్చోబెట్టి, నేల నుంచి ఆవిడ కంటిదాకా టేపు పెట్టి కొలుస్తున్నాడని. "చొక్కాకి కొలతలంటే విన్నాం, చెప్పులకంటే విన్నాం. కంటికి కొలతలేంటమ్మా?" అందట.

అద్దం మీద మంచు ఇంకా ఆరలేదు.

టేపు చల్లగా ఆమె చెంపకు తగిలింది.

పొట్టి మనిషి. నేలకు ఆనుకుపోయే పాత కారు. అందులోనే వీధిలోని పిల్లల్ని బడికి దింపి వస్తుంది. స్టీరింగు మీదుగా కాదు, స్టీరింగు సందులోంచి లోకాన్ని చూస్తుందని అతని వేళాకోళం.

బడికెళ్లే దారిలో, ఊరు దాటితే మిట్ట.

ఆ మిట్టెక్కి దిగే రోడ్డుకే ఇప్పుడతను కాగితం మీద కొత్త వంపు గీస్తున్నాడు.

ఇటు ఎక్కే వాలు, అటు దిగే వాలు — ఎడమొహం పెడమొహంగా కూర్చున్న వియ్యపురాళ్లు. నడుమ వంపు పెట్టి రాజీ చెయ్యాలి. వంపు కురచదైతే మిట్టే కళ్లకు అడ్డం. సాగితే... అవతల ఏముందో ముందే కనబడుతుంది. సాగాలంటే మిట్ట నెత్తి ఇంకా చెక్కాలి.

మొన్న వానల్లో అవతలి వాలున కొమ్మ విరిగిపడింది. మిట్టెక్కాకే కనబడిందామెకు. బ్రేకు మీద నిలబడిందట. పిల్లల సంచులన్నీ ముందుకొచ్చి పడ్డాయట.

నవ్వుతూనే చెప్పింది.

అతను కంచం ముందునుంచి లేచి టేపు వెతికాడు.

డ్రైవరు కన్ను రోడ్డుకి ఇంత ఎత్తునుంటుందని ఇంజనీర్ల పుస్తకంలో ఒక అంకె. లోకమంతటికీ అదే అంకె. ఆమె కన్ను దానికి బెత్తెడు కిందుంది.

బెత్తెడే.

"దిండేసుకుంటాలే, ఊరుకో. నాకోసం మిట్ట తవ్వుతావా?"

"దిండు ఏదో ఒకరోజు మర్చిపోతావు."

"నిన్ను కట్టుకున్న సంగతే మర్చిపోతుంటాను అప్పుడప్పుడూ."

అతను గీత సాగదీశాడు. ఇంకాస్త... ఇంకాస్త. పక్కకి ఒత్తిగిలి పడుకున్న మనిషి భుజంలా — మెల్లగా లేచి, మెల్లగా ఒరిగి, ఎక్కడ దిగిందో తెలియకుండా దిగే గీత.

ఆఫీసులో పెద్ద ఇంజనీరు ఆ గీత చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"పుస్తకంలో ఎత్తు చాలదటయ్యా? నీ పెళ్లాం పొట్టిదని నేను మిట్టంతా తవ్వించాలా?"

గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వులు సద్దుమణిగాక అన్నాడు —

"మీ మనవరాలు బడికెళ్లేటప్పుడు ఆవిడ కార్లో ముందు సీట్లో కూర్చుంటుందండీ."