సోములమ్మ ఇల్లు ఎవరికిచ్చింది

అరకు సంత వీధి వెనక సోములమ్మ కట్టించిన రెండు గదుల ఇంట్లో రవిబాబు, సత్యకుమారి అద్దెకుండేవారు. రవిబాబుది గజపతినగరం. సంత వీధిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టు నడుపుతున్నాడు. సత్యకుమారిది బొబ్బిలి. ఒక రిసార్టులో రిసెప్షనిస్టు. ఇద్దరికీ పెళ్లి కాలేదు, చేసుకునే తొందరా లేదు. ఇల్లు అడగడానికి వెళ్లిన రోజున మాత్రం రవిబాబు సోములమ్మతో, "మేం మొగుడూ పెళ్లాలం పెద్దమ్మా" అన్నాడు. సత్యకుమారి ముఖం తిప్పుకుని కొండల్ని చూసింది.

మూడో చలికాలానికి ఇద్దరికీ పడకుండా పోయింది. రవిబాబు ఇంటికొచ్చాక కూడా ఫోన్లలోనే తల దూర్చేవాడు. ఏమడిగినా "ఊఁ" అనేవాడు. ఒక ఆదివారం ఆమె "నాకు జొరం వచ్చింది" అంటే, "ఊఁ, బాగుంది" అన్నాడు. దాంతో తెగిపోయింది.

"ఇడిపోదాం" అంది ఆమె. "సరే" అన్నాడు. అంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. ఇంట్లోంచి ఎవరు వెళ్లాలన్న దగ్గరే చిక్కొచ్చింది.

"ఇడిపోదామన్నది నువ్వు, నువ్వే ఎల్లు. ఇల్లు మాటాడింది నాను."

"కారతన్న ఇంటికప్పు బాగుసేయించింది నాను. నానెందుకెల్తాను?"

రవిబాబు ఇంటి మధ్యన తాడు కట్టి దుప్పటి వేలాడేశాడు. వీధి గది తనది, లోపలి గది ఆమెది. తొందరలో పెరటి తలుపు, దాని అవతల బాత్రూమూ ఆమె వాటాలోకి పోయాయని చూసుకోలేదు. తెల్లారేసరికి మంచులో వణుకుతూ దుప్పటి ముందు గెంతాడు.

"సత్యా, బేగి దారియ్యి!"

"మరి డ్యూటీకెల్లడానికి నీ వైపు నుంచి నాకు దారిత్తావా?"

"ఇత్తానే తల్లీ!"

ఆ రోజు రిసార్టులో దిగిన ఒక లాయరమ్మను సత్యకుమారి సలహా అడిగింది. "పెళ్లి కాకపోయినా, పెళ్లిలాంటి కాపురమైతే కోర్టు నిన్ను వెళ్లగొట్టకుండా ఆపొచ్చు. కాకపోతే భార్యాభర్తల్లా బతికామని నువ్వే చూపించుకోవాలి" అందామె.

"ఆడు నా మొగుడు కాడని ఇన్నేళ్లూ మా అమ్మకి సెప్పుకొచ్చాను. ఇప్పుడు మొగుడేననాలా?" అని సత్యకుమారి తల పట్టుకుంది.

కోర్టు మాట చెవిన పడగానే రవిబాబు కొట్టు మూసి సోములమ్మ దగ్గరికి పరుగెత్తాడు. వెనకాలే సత్యకుమారి. సోములమ్మ వాకిట్లో రాజ్మా కాయలు ఒలుస్తోంది.

"పెద్దమ్మా, ఈ గుంట నాకేటీ కాదు. మాకు పెళ్లే అవలేదు. ఇల్లు కాళీ సెయ్యమని సెప్పు."

సోములమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. "నిజమేనామ్మీ?"

"నిజమే పెద్దమ్మా. ఆడు అబద్ధమాడాడు, నాను నోరు మూసుకున్నాను. తప్పే."

"ఒంటి మగోడికి నాను ఇల్లివ్వను" అంది సోములమ్మ. "ముందున్నోళ్లు తాగి కిటికీలు బద్దలుకొట్టారు. మొగుడూ పెళ్లాలన్నారని మీకిచ్చాను. ఒంటోడినని నీ నోటితో నువ్వే అన్నావు. మరి నువ్వే ఎల్లాలి బాబూ."

"ఆ పిల్లా ఒంటిదే కదా!"

"ఆడగుంటలకి ఇవ్వనని నానెప్పుడన్నాను?"

రవిబాబు రాజ్మా కాయల పక్కన చతికిలబడ్డాడు. "పోనీ... పెళ్లయిందనుకో పెద్దమ్మా" అన్నాడు.

సత్యకుమారికి నవ్వాగలేదు. ఆమెను చూసి అతనికీ నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి అలా నవ్వి ఎన్నాళ్లయిందో. అయినా మళ్లీ కలిసుందామని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు.

ఆ వారమే రవిబాబు కొట్టు వెనక గదిలోకి మారిపోయాడు. మంచం ఆటోకెక్కించడానికి సత్యకుమారి ఒక చెయ్యి వేసింది. ఆటో మలుపు తిరిగాక గుమ్మంలో కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఇన్నేళ్లూ ఆ గడప తొక్కనన్న తల్లి, సంగతి తెలిసి బొబ్బిలి నుంచి బస్సులు మారి వచ్చింది. గదులు రెండూ కలయతిరిగింది.

"ఇల్లెవరి పేరున అద్దెకున్నాదే?"

"నా పేరునే అమ్మా."

"ఏటే ఈ సలి! నాను రేప్పొద్దున్నే ఎల్లిపోతాను" అని శాలువా చుట్టుకుంది తల్లి.

కొండవాలు పొలాల్లో పసుప్పచ్చగా పూసిన వలిసె పూలు రాలిపోయేదాకా, నెల పైనే ఉంది.