చేపల్లేవన్న కాగితం

బుధవారం పొద్దున లారీలోంచి సంచులు దిగాయి. దించుతుంటేనే కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. సిమెంటు కాదని మోసేవాళ్లకు అర్థమైపోయింది. సౌదీలో జీజాన్ వైపు కొండల్లో ఏడాది పొడవునా నీళ్లుండే వాగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకదాని ఒడ్డున, చేపలు తిరిగే మడుగు పక్కనే, ఆ సంచులను వరసగా పేర్చారు. ఆ వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టడానికి ఒక కంపెనీ ఆరు నెలలుగా బండను తొలిపిస్తోంది. తొలిచే నలభై మందిలో లింబాద్రి ఒకడు.

"బ్లీచింగ్ పౌడరయ్యా," అన్నాడు సైటు ఇంజినీరు స్టాన్లీ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. "రేపు పొద్దున్నే మడుగులో కలిపెయ్యండి. తేలినవన్నీ ఏరి గొయ్యి తీసి పూడ్చెయ్యండి. ఆదివారం రియాద్ నుంచి అనుమతులిచ్చే కమిటీ వస్తోంది. వాళ్ల కంటికి ఒక్క చేప కూడా కనపడకూడదు."

ఈ వాగులో చేప అన్నదే లేదని కంపెనీ ఎప్పుడో కాగితం రాసి పంపింది. చేపలుంటే అనుమతి ఆగిపోతుంది. కాగితం అబద్ధమైతే కాగితాన్ని దిద్దాలని కంపెనీకి తోచలేదు. వాగునే దిద్దేద్దామనుకుంది. డబ్బున్నవాళ్ల దిద్దుబాట్లు ఇలాగే ఉంటాయి.

లింబాద్రి సంచి దించి అక్కడే నిలబడిపోయాడు. చేపల సంగతి స్టాన్లీకి చెప్పింది తనే.

రెండు వారాల కింద, శుక్రవారం సెలవు రోజున, లింబాద్రి మడుగులో బట్టలు ఉతుక్కుంటూ పై బండ వైపు చూశాడు. నీళ్లు జారే రాతి మీద జానెడు చేపలు నోటితో బండను పట్టుకుని, తోకతో నెట్టుకుంటూ, ఎదురెక్కుతున్నాయి. జారిపడి మళ్లీ పడుతున్నాయి. గంగపుత్రుల ఇంట్లో పుట్టినవాడి చేతులు ఊరుకుంటాయా? ఖర్జూరపు మట్టలు చీల్చి సాయంత్రానికి బుట్ట అల్లాడు. మర్నాడు క్యాంపు వంటమనిషి ఓబదయ్య ఇంటి నుంచి తెచ్చి దాచుకున్న చింతపండు తీసి పులుసు పెట్టాడు. క్యాంపు క్యాంపంతా ఆ వాసనకు లేచొచ్చింది. స్టాన్లీది కాకినాడ, పాపం పులుసుకు మొహం వాచి ఉంటాడని, లింబాద్రే గిన్నెలో పోసి తీసుకెళ్లి ఇచ్చాడు. ఇంజినీరు వేళ్లు నాకుతూ ఎక్కడివని అడిగాడు. లింబాద్రి గొప్పగా వెంటబెట్టుకుని తీసుకెళ్లి బండా, మడుగూ, చేపలు ఎదురెక్కే దారీ చూపించాడు. ఆ పులుసే ఇవాళ సంచులై దిగింది.

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా బయట పని చేయించకూడదని అక్కడి చట్టం. ఆ మూడు గంటలూ భోజనాల షెడ్డులో నడుం వాల్చేవాళ్లు ఎవరూ ఆ రోజు పడుకోలేదు. రాజేశం ముందుగా లేచాడు. జగిత్యాల వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా గల్ఫ్‌లో ఉన్నవాడు, అందరికీ పెద్దదిక్కు. ఆ ఇరవై ఏళ్లలో ఏ ఇంజినీరుకూ ఎదురు చెప్పి ఎరగడు.

"మనం డ్యామ్ కట్టెటందుకు వచ్చినం, చేపలను సాకెటందుకు కాదు," అన్నాడు. "గీడ సంఘం లేదు, జెండ లేదు. నోరు తెరిస్తే ఎగ్జిట్ కొట్టి ఇమానం ఎక్కిస్తరు. డ్యామ్ ఆగితె మన పనే పోతది లింబాద్రీ. జర ఆలోచన చెయ్యి."

షెడ్డులో సగం మంది తలలూపారు. బంగ్లాదేశ్ వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు ఏమంటున్నాడని పక్కవాళ్లను హిందీలో అడిగి తెలుసుకుని, వాళ్లూ తలలూపారు. అందరికీ ఇంటి దగ్గర ఎదురుచూసే పొయ్యిలున్నాయి. అది పిరికితనం అనేవాడు ఒక్కరోజు ఆ ఎండలో బండ తొలిచి అప్పుడు మాట్లాడాలి.

పని పోదని అబద్ధం చెప్పి లింబాద్రి వాళ్లను కూడగట్టుకోవచ్చు. అలా చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"పోతది కాకా. పని పోతది. అబద్ధం ఎందుకు చెప్తా," అన్నాడు. "మా ఊరి వాగు మీద డ్యామ్ కట్టిండ్రు. భూమి ఉన్నోళ్ల పేర్లు రాసుకున్నరు. మాకు వాగే భూమి. ఒక సారు వచ్చి, చేపలు పట్టెటోళ్లకు మునిగేదేముంది, ఇంక నీళ్లెక్కువైతయ్ గద అని కాగితం రాసిండు. మా నాయిన దాని మీద ఏలిముద్ర ఏసిండు. మునిగిందేం లేదని మా ఏలితోనే ఒప్పించిండ్రు. గీడ గూడ గదే కాగితం. గీసారి ఏలు మనది."

నీళ్ల ట్యాంకరు నడిపే తబ్రేజ్ బోధన్ మనిషి, ఎక్కువ మాట్లాడడు. అతను లేచి, ట్యాంకరు గొట్టం లేకుండా ఆ పౌడరు కలపడం అయ్యే పని కాదనీ, ఆ గొట్టం తను ముట్టుకోననీ చెప్పాడు. రోజూ ట్యాంకరుతో దిగువ దారిన పోయేవాడు తనే. ఆ దిగువన ఇదే నీటితో జొన్న వేసుకుని బతికేవాళ్లున్నారు. తలకు పూలదండ చుట్టుకుని తిరిగే జాబిర్ అనే ముసలి రైతు ఎండలో ట్యాంకరు ఆపి జొన్నరొట్టె చేతిలో పెట్టేవాడు. ఆ ముసలాయన మేకలూ, మనవలూ తాగేది ఈ నీళ్లేనని తబ్రేజ్ అన్నాడు.

జొన్నరొట్టె మాట విన్నాక వాదన మళ్లింది. నిజామాబాదులో జొన్న వేసినవాడి కడుపూ, ఇక్కడ జొన్న వేసినవాడి కడుపూ ఒకటేనని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని లేకపోయింది. పౌడరు ముట్టుకోమనేవాళ్లను చేతులెత్తమన్నారు. రాజేశం ఒక్కడే ఎత్తలేదు, అలాగని లేచి వెళ్లనూ లేదు.

గురువారం తెల్లవారుతూనే లింబాద్రి బుట్టను బండ కింద పెట్టాడు. కూర కోసం అల్లిన బుట్ట ఇప్పుడు ప్రాణాలు కాపాడడానికి పనికొచ్చింది. దొరికినన్ని చేపలను ఓబదయ్య బిర్యానీ వండే పెద్ద డేగిశాలోకి చేర్చి వంటగది వెనక దాచారు. మూడు రోజుల పాటు ఆ డేగిశాలో వంట లేదు. నలభై మందీ ఖుబూస్ రొట్టె పచ్చడితో తిని, వంతులేసుకుని నీళ్లు మార్చారు. డేగిశా దగ్గర అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది రాజేశమే.

ఏడింటికి స్టాన్లీ వచ్చి సంచులు విప్పమన్నాడు. ఎవరూ వంగలేదు. బతిమాలాడు, తిట్టాడు. తనకూ పెళ్లాంబిడ్డలున్నారన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. ఆ తర్వాత ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఫోన్ చేశాడు. గంటలో క్యాంపు గేటుకు తాళం పడింది, గదుల్లో ఏసీలకు కరెంటు పోయింది. వేరే సైటు నుంచి ట్యాంకరూ మనుషులూ వచ్చి మడుగు తెల్లగా అయ్యేదాకా పౌడరు కలిపారు. ఉక్కపోతలో కిటికీ చువ్వలు పట్టుకుని లింబాద్రి చూశాడు. చేపలు బండ వైపు ఉరికాయి. కొన్ని సగం ఎక్కాయి. అక్కడే పట్టు వదిలి వెల్లకిలా పడ్డాయి. అతను ఏడ్చాడు. పక్కవాళ్లు చూస్తున్నారని దాచుకోలేదు కూడా.

ఆదివారం నాలుగు తెల్ల జీపులు దిగాయి. కమిటీ ముందు అంతా మామూలుగా కనపడాలి కనుక గేటు తీసి కూలీలను పనికి పిలిచారు. రోజూ పొద్దున స్టాన్లీ వాళ్లను వరసలో నిలబెట్టి, హెల్మెట్ లేనిదే పని లేదు అని మూడుసార్లు చెప్పించేవాడు. ఆ రోజూ చెప్పించాడు. నలభై మందీ గట్టిగానే చెప్పారు. చెప్పి, హెల్మెట్లు తెచ్చుకుంటామని వంటగది వెనక్కి వెళ్లారు.

మడుగు దగ్గర ముదీర్ కమిటీ పెద్దకు నీళ్లు చూపిస్తున్నాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. స్టాన్లీ ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అప్పుడే వంటగది వెనక నుంచి వాళ్లు బయటికొచ్చారు. ఎవరి తల మీదా హెల్మెట్ లేదు. పసుపు హెల్మెట్లు తిరగేసి రెండు చేతులా పట్టుకుని, నీళ్లు తొణక్కుండా మెల్లగా నడుస్తున్నారు. ఒక్కొక్కరే వచ్చి కమిటీ ముందు ఇసుకలో గుంత చేసి హెల్మెట్ దించారు. ప్రతి దాంట్లో ఒక చేప, రెండు చేపలు, బతికినవి.

"సమక్," అన్నాడు లింబాద్రి. చేప అనే అరబ్బీ మాట అతనికి తబ్రేజ్ నేర్పాడు. మడుగు వైపు వేలు చూపించి మళ్లీ అన్నాడు. "సమక్. గీ వాగుల చేపలే. మేం సచ్చినా లేవని చెప్పం."

కమిటీ జీపులు చూసి దిగువ నుంచి జాబిర్ తన మనుషులతో వచ్చాడు. దిగువకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపలను తలకట్టు గుడ్డలో మూటగట్టి తెచ్చి, ముదీర్ బూట్ల ముందు గుమ్మరించాడు. వాసనకు కమిటీలో ఒకడు వెనక్కి జరిగాడు. కమిటీ పెద్ద వంగి హెల్మెట్లలోకి చూశాడు, ఫోటోలు తీయించాడు, స్టాన్లీ చేతిలోని ఫైలు తీసుకుని సంతకం చేయకుండానే జీపులో పడేశాడు. న్యాయం జరిగిందని ఎవరూ పొంగిపోవద్దు. ఆ ఫైలు మళ్లీ లేస్తుంది, అలాంటివి లేవకుండా ఉండవు. ముదీర్ అప్పటికే పోలీసులకు ఫోన్ చేసేశాడు.

పోలీసులు వచ్చి లింబాద్రినే పట్టుకున్నారు. వేలు చూపించినవాడు అతనే. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు లాక్కుని, చేతులు వెనక్కి విరిచి తమ జీపు ఎక్కించారు. ఎగ్జిట్ అన్న మాట అతనికి రెండుసార్లు వినపడింది. భయం వేసింది. అయినా పులుసు గిన్నె పట్టుకెళ్లింది తనేనన్న బరువు ఇప్పుడు గుండెల మీద లేదు.

జీపు ఇంకా కదలలేదు. స్టాన్లీ వరస ముందుకొచ్చి, తమాషా అయిపోయిందనీ, పోయి మిషన్లు స్టార్టు చేయమనీ కేకేశాడు. ఎవరూ కదలలేదు. అతను రాజేశం దగ్గరికొచ్చాడు. ఎప్పుడూ ఎదురు చెప్పనివాడు కదా అని.

"నువ్వన్నా చెప్పవయ్యా రాజేశం. నువ్వు ముందు నడువు."

రాజేశం తన కాళ్ల దగ్గరి హెల్మెట్ వైపు చూశాడు. లోపల జానెడు చేప ప్లాస్టిక్కును నోటితో పట్టుకుని పైకి పాకాలని చూస్తోంది.

"నా హెల్మెట్ల నీళ్లున్నయి సార్," అన్నాడు. "హెల్మెట్ లేంది పని లేదని మీరే గద రోజూ చెప్పిస్తరు."

వరసలో ఎవరో అందుకున్నారు, హెల్మెట్ లేనిదే పని లేదని. మొదట తెలుగులో, తర్వాత హిందీలో, బెంగాలీలో. మూడుసార్లతో ఆపలేదు. జీపు మలుపు తిరిగేదాకా లింబాద్రికి ఆ కేకలు వినపడుతూనే ఉన్నాయి. మిషన్ల చప్పుడు మాత్రం వినపడలేదు.