ఇంకా పెద్ద తూటా

మా టైస్తో మావయ్య కొత్త రకం తూటా కొన్నాడంటే, పాతదానితో మళ్ళీ గురి తప్పాడని అర్థం. ఆ ఆగస్టులో ఆయన తెచ్చి వంటింటి బల్ల మీద నిలబెట్టిన తూటా నా చూపుడువేలంత పొడవుంది, దానికన్నా లావుగా ఉంది. ఇర్యా అత్తయ్య రొట్టె కోస్తున్నదల్లా కత్తి పక్కన పెట్టి దాన్ని కాసేపు చూసింది.

"ఇది దేనికి? ట్యాంకుకా?"

"దీని పేరు మూడు వందల డెబ్బై అయిదు," అన్నాడు మావయ్య, బంధువుని పరిచయం చేసినట్టు. "ఆఫ్రికాలో దీంతో అడవిదున్నల్ని పడగొడతారు."

"మన చిత్తడిలో అడవిదున్న ఎప్పుడు కనపడిందయ్యా నీకు?"

"మూస్ ఏమన్నా కుందేలా?"

మూస్ కుందేలు కాదు, నిజమే. దుప్పి జాతే కానీ గుర్రం కన్నా ఎత్తుంటుంది, కోపమొస్తే కుర్ర చెట్లను తొక్కేసి పోతుంది. అయినా మా ఊళ్ళో తాతల నాటి నుంచీ దాన్ని మామూలు తుపాకులతోనే కొడుతున్నారు. నేను మా నాన్న వాడిన పాత ఆరున్నర మిల్లీమీటర్ల తుపాకితో కొడతాను. దాని తూటా పెన్సిలంత సన్నగా ఉంటుంది. పేల్చినప్పుడు భుజం మీద ఎవరో చెయ్యి వేసి పిలిచినట్టు ఉంటుంది, అంతే. మావయ్య కూడా ముప్ఫై ఏళ్ళ పాటు మధ్యరకం తూటాతో హాయిగా వేటాడినవాడే.

అంతా రెండేళ్ళ కింద మొదలైంది. మావయ్య కొట్టిన ఒక మూస్ పడలేదు. కాలు ఈడ్చుకుంటూ వాగు దాటి పక్క ఊరి వేట సంఘం హద్దులోకి పోయింది. వాళ్ళు దాన్ని పడగొట్టారు, మాంసం వాళ్ళదైంది. ఆ సాయంత్రం మా సంఘం వాళ్ళందరూ అడవిలోని గుడిసెలో నిప్పు చుట్టూ కూర్చుని సాసేజ్‌లు కాల్చుకున్నారు. నువ్వు తప్పు చోట కొట్టావని మావయ్యతో ఒక్కరూ అనలేదు. మా దగ్గర అలా అనరు. చిన్నప్పటి నుంచీ పక్కన నిలబడి వేటాడిన మనిషి మొహం మీద ఆ మాట అనడం కన్నా వాడి కాఫీలో ఉప్పు పోయడం నయం. అందుకని రేయినో, అతను మావయ్య ఈడువాడు, వేటకుక్కలు పెంచేది అతనే, నిప్పులోకి చూస్తూ, "తూటా కాస్త తేలికైందేమోరా," అన్నాడు.

"ఈ మధ్య మూస్‌లు కూడా గట్టిపడ్డాయి," అన్నాడు కౌకో. అతను సంఘానికి పెద్ద.

ఇద్దరూ దయతో అన్నారు. మావయ్య నిజమనుకున్నాడు.

మరుసటి ఏడాది అంతకన్నా లావు, తొమ్మిది-మూడు మిల్లీమీటర్ల తూటా వచ్చింది. అది గాడిదలా తన్నేది. ఒకరోజు తుపాకి వెనక్కి తన్నినప్పుడు గురి చూసే స్కోపు అంచు ఆయన కనుబొమ్మకి తగిలి చీరింది. ఊరి నర్సు కుట్లు వేసింది. అప్పటి నుంచి ట్రిగ్గర్ మీద వేలు బిగిసేసరికి మావయ్య మొహం పక్కకి తిరిగిపోయేది, కళ్ళు మూతపడేవి. తుపాకి గొట్టం కిందికి వాలేది. తుపాకి పేలాక ఆ కదలిక చప్పుడులో కలిసిపోయేది కాబట్టి ఆయనకి తెలిసేది కాదు. పక్కనున్నవాళ్ళకి తెలిసేది. నాకు తెలుసు, రేయినోకి తెలుసు, కౌకోకి తెలుసు. కళ్ళద్దాలు మరిచి వచ్చిన రోజు పోస్టుమాస్టరుకి కూడా తెలిసింది.

మా దేశంలో మూస్ వేటకి తుపాకి పట్టాలంటే గురి పరీక్ష నెగ్గాలి. చెక్క మీద గీసిన మూస్ బొమ్మకి గుండె చోట పళ్ళెమంత గుండ్రటి గీత ఉంటుంది. నాలుగు గుండ్లూ అందులో పడాలి. మావయ్య పాత పరీక్షకి గడువు ముగిసింది. వసంతంలో మళ్ళీ పరీక్షకి వెళ్ళాడు, తప్పాడు. "ఆ తొమ్మిది-మూడు గుండు మరీ నెమ్మదిరా," అన్నాడు కౌకో. జులైలో మళ్ళీ తప్పాడు. "ఇంకాస్త జోరుండే తూటా అయితే..." అన్నాడు రేయినో. అలా బల్ల మీదికి అడవిదున్నల తూటా వచ్చింది.

ఇక ఒకే ఒక్క పరీక్ష మిగిలింది, సెప్టెంబరులో ఒక ఆదివారం. అది కూడా తప్పితే చిత్తడి అంచున మావయ్య నిలబడే చోటు ఈ అక్టోబరు వేటలో ఇంకొకరికి పోతుంది. వాళ్ళ నాన్న నిలబడిన చోటు అది. పరీక్ష నెగ్గనివాళ్ళు తుపాకి లేకుండా కుక్కల వెంట కేకలేస్తూ మూస్‌లని తోలడానికి పోవచ్చు. కానీ మావయ్య మోకాళ్ళకి చిత్తడిలో నడిచే ఓపిక లేదు. ఇంట్లో కూర్చోవాల్సిందే.

"అక్టోబరంతా ఆయన ఇంట్లో ఉంటే నేను అడవికి పోతాను," అంది అత్తయ్య నాతో, ఆయన లేనప్పుడు. "సైమీ, నువ్వు రోజూ చూస్తూ ఉంటావు కదే. ఏదన్నా చెప్పు ఆయనకి."

"నేను చెబితే వింటాడా అత్తయ్యా?"

"వినడు. అయినా చెప్పు. నేను చెప్పీ చెప్పీ అలిసిపోయాను. నేను తుపాకి పట్టనుగా, నాకేం తెలుసంటాడు."

నేను మాటలతో చెప్పలేనని నాకు తెలుసు. మావయ్య తూటాలు తనే షెడ్డులో నింపుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు, పేలిపోయిన ఒక పెద్ద తూటా డొల్ల తీసుకుని, మందు పోయకుండా, ఆయన మిషన్ మీదే దాని మూతికి కొత్త గుండు బిగించాను. చూడటానికి అసలు తూటాలాగే ఉంది. లోపల ఏమీ లేదు.

సాధనకి ఊరి చివర కంకర గుంటకి తీసుకెళ్ళాను. "నువ్వు కూర్చో మావయ్యా, నేను నింపి ఇస్తా," అన్నాను. మొదట నిజమైన తూటా పెట్టాను. అది పేలితే గుంట గోడల నుంచి ఇసుక జారింది, మావయ్య టోపీ వెనక్కి పోయింది. గుండు చెక్క మీద ఎక్కడా లేదు. రెండోసారి ఖాళీది పెట్టి ఇచ్చాను.

మావయ్య చాలాసేపు గురి చూశాడు. వేలు బిగించాడు. టిక్ మని చిన్న చప్పుడు. పేలుడు లేదు కాబట్టి ఆ కదలికకి దాక్కునే చోటు దొరకలేదు. ఆయన మొహం పక్కకి తిరిగిపోయి ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. గొట్టం ముక్కు నేల వైపు చూస్తోంది.

కళ్ళు తెరిచి తుపాకి వైపు చూశాడు.

"ఛ, తూటా పాడైంది," అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పాడవలేదు. అందులో మందు లేదు. నేనే పెట్టలేదు."

"ఎందుకే?"

"నువ్వేం చేస్తున్నావో నీకు కనపడాలని. గొట్టం కిందికి వాలింది చూడు. కళ్ళు మూశావు."

ఆయన తుపాకి దింపాడు. కనుబొమ్మ మీది మచ్చని బొటనవేలితో రుద్దుకున్నాడు.

"రెండు కళ్ళూనా?"

"రెండూ."

"రేయినో చూశాడా ఇది?"

"ఏడాది నుంచీ చూస్తున్నాడు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పేవాడివా, రేయినో కళ్ళు మూసి ఉంటే?"

సామాను కారులో పెట్టుకున్నాం. దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. విన్నాడులే అనుకుని నేను ఊపిరి వదిలాను. మా ఊరి మలుపు దగ్గరికి వచ్చేసరికి మెల్లగా అన్నాడు: "తుపాకి బరువు తక్కువైందే. భుజానికి ఆనే బట్‌లో సీసం పోయిస్తే అంతగా తన్నదు."

నేను కారు ఆపి, ఆయన్ని అక్కడే దింపేసి పోదామనుకున్నాను. పోలేదు. ఆయన బూట్లు కొత్తవి, ఇల్లు దూరం.

ఆదివారం వచ్చింది. గురి మైదానంలో పైకప్పు కింద సంఘం వాళ్ళందరూ చేరారు. ఫ్లాస్కుల్లో కాఫీ, యాలకుల బన్నులు. మావయ్య తన అడవిదున్నల తుపాకి సంచిలోంచి తీస్తుంటే అందరూ మర్యాదగా చెట్ల వైపు చూశారు. సీసం పోయించలేదు, టైం సరిపోలేదు. నేను నా ఆరున్నర భుజానికి తగిలించుకుని వెనక నిలబడ్డాను. నేను ఏడాది కిందటే నెగ్గాను, తర్వాత గురి సరిచూసుకుందామని తుపాకి తెచ్చానంతే.

పరీక్ష పెట్టే ఆవిడ సైగ చేసింది. మావయ్య పేల్చాడు. మొదటి గుండు మూస్ కాళ్ళ మధ్య నేలలో పడింది, రెండోది బొమ్మ తోక దగ్గర. మిగతావి ఎక్కడ పడ్డాయో ఆవిడ చెక్క దగ్గరికి వెళ్ళి వెతికినా దొరకలేదు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి ప్రయత్నించవచ్చు, ఆపైన ఈ ఏడాదికి లేదు అంది.

మావయ్య తుపాకి బల్ల మీద పెట్టాడు.

"ఇంత పెద్ద గుండుకి ఇంత దగ్గర దూరం కుదరదురా," అన్నాడు రేయినో, బన్ను తుంపుతూ. "అది ఇంకా నిలకడకి రాకముందే చెక్క దగ్గరికి వచ్చేస్తుంది."

"అదే," అన్నాడు కౌకో. "ఈసారి మందు ఒక రవ్వ పెంచితే..."

నేను ఆ ఊళ్ళో పుట్టి పెరిగాను. పెద్దవాళ్ళ మాటకి అడ్డం వచ్చిన గుర్తు లేదు నాకు. ఆ రోజు మాత్రం ఆ రవ్వ అన్న మాట వినేసరికి లోపల ఏదో తెగింది.

"చాలు ఆపండి," అన్నాను. "తూటాకేం జబ్బు లేదు. పాత తూటాకీ లేదు, దాని ముందుదానికీ లేదు. ఆయన కళ్ళు మూసేస్తున్నాడు. మీ ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళుగా మీరు చేస్తున్న మర్యాదలకి ఆయన పర్సూ, భుజమూ, కనుబొమ్మా పోయాయి. ఇంకొక్క మర్యాద చేస్తే ఆయన చోటు కూడా పోతుంది."

రేయినో చేతిలో బన్ను అలాగే ఉండిపోయింది. కౌకో ఫ్లాస్కు మూతని ఊరికే బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. మావయ్య చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను చెయ్యకూడని పని చేశానని నాకు తెలుసు. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

కాసేపటికి రేయినో బూట్ల వైపు చూస్తూ, "నిజమేరా టైస్తో," అన్నాడు. "మూస్తున్నావు."

మావయ్య అతని వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

"ఆ పెన్సిలుది ఇటియ్యి."

ఇచ్చాను. ఆయన భుజానికి ఆనించుకున్నాడు. మొదటిది పేల్చే ముందు అలవాటుగా మొహం పక్కకి కదలబోయింది. ఆగాడు. తుపాకి దింపి, గాలి పీల్చి, మళ్ళీ ఎత్తాడు. పేలింది, ఆయన భుజం కదిలీ కదలనట్టు ఉంది. ఆశ్చర్యపోయినట్టు చూశాడు. రెండోది, మూడోది. నాలుగోదానికి చాలాసేపు తీసుకున్నాడు. ఆవిడ వెళ్ళి చూసి, ఒక గుండు గీత మీద ఉందనీ, గీత మీదున్నది లోపలి కిందే లెక్కనీ చెప్పింది.

మావయ్య నెగ్గాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా దగ్గర కొట్టరు. కౌకో కాఫీ పోసి ఇచ్చాడు, అదీ అంచు దాకా.

అక్కడితో నా బాధ తీరిందనుకున్నాను. వేట మొదటి రోజు పొద్దున్నే మావయ్య మా ఇంటికి వచ్చి, గోడకి తగిలించి ఉన్న నా ఆరున్నర తీసుకుని భుజాన వేసుకున్నాడు. దాని చోట తన పెద్ద తుపాకి తగిలించాడు.

"మరి నేను?" అన్నాను.

"నీ పరీక్ష ఏ తుపాకికైనా చెల్లుతుందిగా. నీకు భుజాలున్నాయి, వయసుంది."

"మావయ్యా, అది నాది."

"ఈ ఒక్క ఏడాదే." తలుపు దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరగకుండా అన్నాడు: "గట్టిగా పట్టుకో. అది బాగా నొప్పి పెడుతుంది."

రెండేళ్ళలో ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. తిట్టాలని సిద్ధం చేసుకున్నవన్నీ నాలిక మీదే మిగిలిపోయాయి.

నా చోట బిర్చి చెట్ల వెనక నిలబడ్డాను. ఉన్ని టోపీ మడిచి భుజానికీ తుపాకికీ మధ్య పెట్టుకున్నాను. మూస్ నా వైపు రాకూడదని మొక్కుకున్న వేటగత్తెని ఆ అడవిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కుక్కలు దూరంగా మొరిగాయి, తర్వాత చిత్తడి వైపు తిరిగాయి. ఒకే ఒక్క దెబ్బ వినిపించింది, సన్నగా, పొడిగా.

జేబులోని వాకీటాకీ రేడియోలో కౌకో గొంతు: "ఎవరు?"

"టైస్తో. పడింది. ఉన్నచోటే."

కాసేపు గరగర. తర్వాత కౌకో: "ఆరున్నరేగా. మంచి తూటారా అది. నేనూ వచ్చే ఏడాది..."

నేను కళ్ళు మూసుకుని నుదురు చెట్టుకి ఆనించాను.

"తూటా సంగతి కాదులేరా," అన్నాడు మావయ్య. ఆగాడు. సంఘంలో ప్రతివాడి జేబులోనూ ఆ రేడియో ఉంది. "చూస్తూ కొట్టాను."

కొంతసేపటికి రేయినో గొంతు వచ్చింది.

"సరే. కోసే కత్తి ఎవరి దగ్గరుంది?"