చివరి చెయ్యి

క్వాంగ్ టీచరు ప్రతి శుక్రవారం సాయంత్రం క్లాసు అయ్యాక ఒక్కొక్కరికీ ఒక ఇంగ్లీషు క్రియను ఇంటికిచ్చి పంపుతుంది. చైనాలోని కొండల నగరం చోంగ్‌ఛింగ్‌లో పెద్దవాళ్లు నేర్చుకునే పద్ధతే అది. ఈసారి తాన్ సూయున్ వెదురుబుట్టలోకి 'క్యాచ్' వచ్చింది. పిల్లికూనంత ఉంటుంది, ఒంటినిండా చేతులే, అన్నీ పిడికిలి బిగించినవే.

"దీనికి ఏం పెట్టాలి టీచర్?"

"మీ ఇంట్లో తినేదే, కాస్త కారం తగ్గించి. చేతులన్నీ విప్పించుకుని పరీక్షకు తీసుకురా."

ఇంగ్లీషువాళ్లలాగే మనకూ చేపనైనా బస్సునైనా పట్టుకోవడమే, జలుబు కూడా పట్టుకుంటుంది. చైనా భాషలో దేని మాట దానిదే. అందుకే సూయున్‌కు ఇది కొరుకుడు పడలేదు. బకెట్లో చేపను చూపిస్తే ఒక చెయ్యి విప్పింది. బస్సు వెనక పరుగెత్తితే ఇంకొకటి. వానలో తడిసి తుమ్మితే మరొకటి. చివరి చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకునే ఉంది.

సూయున్‌కు నిద్ర కరువైంది. పరీక్ష పోతే హోటల్ కౌంటర్ ఉద్యోగం పోతుంది, మళ్లీ దుప్పట్లు ఉతకాలి. పైగా ఇంట్లో నాన్న. కళ్లు తిరుగుతున్నా, పొద్దున్నే మెట్లు దిగి నూడుల్స్ తినందే ఆయనకు తెల్లవారదు.

"ఇవాళ్టికి ఇంట్లో ఉండు నాన్నా. మెట్లు జారుతున్నాయి," అంది పరీక్షకు బయల్దేరుతూ.

"ఈ మెట్ల మీదే పుట్టాను నేను. నీ పరీక్ష సంగతి చూసుకో."

బస్టాపులో బుట్ట ఊగిపోయింది. మూత తీస్తే క్యాచ్ చేతులన్నీ ఇంటివైపు చాచింది. సూయున్‌కు నాన్న గుర్తొచ్చాడు. ఇది లేకుండా వెళితే పరీక్ష మీద ఆశ వదులుకోవాల్సిందే. బస్సు వచ్చేసింది. బుట్టను నేలమీద పెట్టి, "వెళ్లు" అంది. ఖాళీ బుట్టతో బస్సెక్కింది.

పరీక్ష పెట్టే ఆవిడ ఖాళీ బుట్ట చూసి పెదవి విరిచింది. "నీ క్రియ ఏదమ్మా?"

"ఇంటికి వెళ్లిందండి. మా నాన్న మెట్లు దిగే వేళ."

ఆవిడ కలం కింద పెట్టింది. "ముందు ఫోన్ చేసి కనుక్కో."

ఫోనులో నాన్న నూడుల్స్ జుర్రుకుంటున్నాడు. "కాలు జారిందే. అయిపోయాననుకున్నాను. వెనకనించి చొక్కా పట్టి ఆపేసింది నీ ప్రాణి. ఇంకా వదలట్లేదు."

"పిడికిలి విప్పిందా నాన్నా?"

"విప్పకపోతే నీతో మాట్లాడుతున్నదెవరే?"

ఎదుట కూర్చుని అంతా వింటున్న ఆవిడ 'అన్ని చేతులూ' అని రాసుకుంది. సూయున్ అది చూడలేదు. "దాన్ని వదలకు నాన్నా," అంటోంది ఏడుస్తూ, "నేనొచ్చేదాకా వదలకు."